ఒక నక్షత్రానికి గుర్తింపు కార్డు రాయడం ఎలా?

ఆకాశంలో గొల్లకావడి మూడు చుక్కల్ని గుర్తుపట్టగలిగితే చాలు, ఈ పని మొదలుపెట్టొచ్చు. ఆ మూడు చుక్కల గీతను ఒక వైపు పొడిగిస్తే తెల్లగా, అన్నిటికంటే గట్టిగా మెరిసే సిరియస్ తగులుతుంది. దాని పాత పేరు మృగవ్యాధుడు. రెండో వైపు పొడిగిస్తే నారింజ రంగు రోహిణి. గీతకు పక్కగా, కాస్త ఎడంగా ఎర్రగా కనిపించేది ఆర్ద్ర. ఇంగ్లిష్ పుస్తకాల్లో దాన్నే బీటిల్‌జూస్ అంటారు.

సిరియస్‌ను పట్టుకుని దానికో గుర్తింపు కార్డు రాద్దాం. ఎంత వెలుగు, ఎంత దూరం, ఎంత వేడి, ఏ రకం, ఎంత లావు, ఎంత బరువు అనేవి అందులో గడులు. ఆర్ద్రను కూడా పక్కనే ఉంచుకోండి. సిరియస్ దగ్గర సాఫీగా నడిచే లెక్కలు ఆర్ద్ర దగ్గర ఎక్కడో ఒకచోట తడబడతాయి. ఎక్కడ తడబడ్డాయో చూస్తేనే ఈ విద్య ఒంటబడుతుంది.

నక్షత్రం నుంచి మన దాకా వచ్చేది దాదాపుగా వెలుగు ఒక్కటే. అందులో నేరుగా కొలవగలిగేవి మూడు: ఎంత వస్తోంది, ఏ దిక్కు నుంచి వస్తోంది, ఏ రంగు ఏ పాళ్లలో ఉంది. తక్కినవన్నీ వీటి మీద కట్టుకున్న లెక్కలు. అందుకే గడులు నింపే వరుస ముఖ్యం. పై గడిలో తప్పు పడితే అది కింది గడులన్నిటిలోకీ జారుతుంది. ప్రతి అంకె పక్కనా ‘కొలిచాను’, ‘లెక్కగట్టాను’, ‘చూసి రాసుకున్నాను’ అనే మూడింటిలో ఒకటి రాసుకునే అలవాటు చేసుకోండి. నెల తర్వాత నోట్సు తిరగేసినప్పుడు ఆ ఒక్క మాట విలువ తెలుస్తుంది.

కావాల్సినవి: ఒక నోట్‌బుక్, లాగ్ బటన్ ఉన్న కాలిక్యులేటర్ (ఫోన్‌లోది చాలు), రా (RAW, అంటే కెమెరా పట్టిన వెలుగును మార్చకుండా దాచే) ఫార్మాట్‌లో ఫొటో తీయగల కెమెరా, ఎర్ర కాగితం చుట్టిన టార్చ్. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే సింబాద్ అనే నక్షత్రాల డేటాబేస్ కూడా పక్కన తెరిచి పెట్టుకోండి. బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

మొదటి గడి: కనిపించే వెలుగు

నక్షత్రాల వెలుగును మాగ్నిట్యూడ్‌లలో చెబుతారు. ఇది తిరగేసిన కొలత. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. మరీ మెరిసేవాటికి సున్నా కంటే తక్కువ అంకెలు కూడా ఉంటాయి. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకులు కంటికి కనిపించే నక్షత్రాల్ని ఆరు తరగతులుగా విడదీసి, బాగా మెరిసేవాటిని మొదటి తరగతి అన్నారు. ఆ వరుసనే 1856లో నార్మన్ పాగ్సన్ అంకెల్లో బిగించాడు. అయిదు మాగ్నిట్యూడ్‌ల తేడా అంటే వెలుగులో సరిగ్గా వంద రెట్ల తేడా. అంటే ఒక్కో మెట్టుకూ సుమారు 2.512 రెట్లు.

కంటితో కొలిచే పద్ధతి తేలిక. పేరున్న ఖగోళ పరిశీలకులు కూడా ఒకప్పుడు ఇలాగే చేసేవారు. చీకట్లో ఇరవై నిమిషాలు కూర్చుని కళ్లను అలవాటు పడనివ్వండి. మీరు కొలవాలనుకున్న నక్షత్రం కంటే ఒకటి కాస్త మెరుగ్గా, ఇంకొకటి కాస్త మసకగా ఉండేలా రెండు తెలిసిన నక్షత్రాల్ని ఎంచుకోండి. ఆర్ద్రకైతే ప్రొసయాన్ (0.37), రోహిణి (0.87) సరిపోతాయి. ఆర్ద్ర ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉన్నట్టు అనిపిస్తే 0.6 అని రాయండి. ప్రొసయాన్ వైపు మొగ్గితే 0.5. అంతే. అలవాటైనవాళ్లు ఒకటి రెండు పదోవంతుల తేడాతో చెప్పగలరు.

నేను మొదటిసారి ఆర్ద్రను కొలిచినప్పుడు చాలాసేపు కన్నార్పకుండా చూసి, చూసి, 0.1 అని ధీమాగా రాసుకున్నాను. ఆ వారంలోనే ఇతర పరిశీలకులు రాసిన అంకెలన్నీ 0.5 చుట్టూ ఉన్నాయి. తప్పు నాదే. ఎర్రటి నక్షత్రాన్ని తదేకంగా చూస్తూ ఉంటే కంటికి అది అంతకంతకూ మెరుగ్గా కనిపిస్తుంది. ఎర్ర నక్షత్రాన్ని ఒక చూపు చూసి వెంటనే పోలిక నక్షత్రం మీదికి వెళ్లిపోవాలి. రెండో జాగ్రత్త: పోల్చే నక్షత్రాలు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. దిగంతానికి దగ్గరగా ఉన్నదాని వెలుగు ఎక్కువ గాలిని దాటి రావాలి కాబట్టి మసకబారుతుంది.

ఆర్ద్రను ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. దాని వెలుగు నిలకడగా ఉండదు. 2019 చివర్లో మసకబారడం మొదలుపెట్టి 2020 ఫిబ్రవరి నాటికి 1.6 దాకా పడిపోయింది. మామూలు కంటితో చూసినవాళ్లకి కూడా ‘ఇదేంటి, ఇలా అయింది’ అనిపించేంత మార్పు. పేలిపోతుందేమోనని చాలామంది టెన్షన్ పడ్డారు. చివరికి ఆ నక్షత్రమే వదిలిన వాయువు చల్లబడి ధూళి తెరలా అడ్డుపడిందని తేలింది. ఇలాంటివాటికి కార్డులో తేదీ, టైమ్ లేకుండా అంకె రాస్తే దానికి అర్థమే లేదు.

కెమెరాతో అయితే పని ఇంకా కచ్చితంగా జరుగుతుంది. ఫోకస్ కాస్త చెడగొట్టి నక్షత్రం చిన్న బిళ్లలా పడేలా చూడండి. ఏ పిక్సెలూ నిండిపోకుండా తక్కువ ఎక్స్‌పోజర్‌తో పదేసి ఫొటోలు తీయండి. బిళ్ల లోపలి పిక్సెళ్ల విలువలన్నీ కూడి, పక్కనున్న ఖాళీ ఆకాశం విలువను తీసేస్తే వచ్చేది ఆ నక్షత్రం వెలుగు. పోలిక నక్షత్రానికి కూడా అలాగే చేయండి. మీ నక్షత్రం మొత్తాన్ని పోలిక నక్షత్రం మొత్తంతో భాగించి, లాగ్ తీసి, 2.5తో గుణించి, వచ్చినదాన్ని పోలిక మాగ్నిట్యూడ్ నుంచి తీసేయాలి. ఉదాహరణకు మీది సరిగ్గా సగం ఉంటే లాగ్ విలువ మైనస్ 0.301. కాబట్టి మీ నక్షత్రం 0.75 మాగ్నిట్యూడ్ మసక.

సిరియస్ కార్డులో మైనస్ 1.46 అని రాయండి. రాత్రి ఆకాశంలో దాన్ని మించిన నక్షత్రం లేదు కాబట్టి కంటితో ‘రెంటి మధ్య’ పద్ధతి దీనికి కుదరదు. పక్కన ‘చూసి రాసుకున్నాను’ అని నిజాయితీగా పెట్టేయండి.

రెండో గడి: దూరం

నా దృష్టిలో కార్డు మొత్తానికి ఇదే ఇరుసు. దూరం తెలియనంత వరకు మొదటి గడిలోని అంకెను నమ్మడానికి లేదు. దగ్గరున్న చిన్న దీపమూ దూరాన ఉన్న పెద్ద దీపమూ ఒకేలా కనిపించవచ్చు.

చేయి చాచి బొటనవేలు నిలబెట్టి, ఒకసారి కుడి కంటితో, ఒకసారి ఎడమ కంటితో చూడండి. వెనకున్న గోడ మీద వేలు అటూ ఇటూ గెంతుతుంది. వేలు దగ్గరైతే గెంతు పెద్దది, దూరమైతే చిన్నది. నక్షత్రాలకు ఇదే పద్ధతి. కాకపోతే రెండు కళ్ల బదులు ఆరు నెలల తేడాలో భూమి ఉండే రెండు చోట్లు. ఆ రెంటి మధ్య దూరం సుమారు 30 కోట్ల కిలోమీటర్లు. దూరపు నక్షత్రాల నేపథ్యంలో దగ్గరి నక్షత్రం ఎంత జరిగిందో కొలిచి, అందులో సగం తీసుకుంటే అదే పారలాక్స్.

ఆ జరగడం ఎంత చిన్నదో ఒకసారి ఊహించుకోండి. దీన్ని ఆర్క్ సెకన్లలో చెబుతారు. డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను. రెండు కిలోమీటర్ల అవతల నిలబెట్టిన సెంటీమీటరు పుల్ల మన కంటికి చేసే కోణం సుమారుగా అంత. సూర్యుడిని వదిలేస్తే మనకు అన్నిటికంటే దగ్గరున్న ప్రాక్సిమా సెంటారీ పారలాక్స్ కూడా 0.77 ఆర్క్ సెకన్లే. అందుకే 1838లో ఫ్రెడ్రిక్ బెస్సెల్ 61 సిగ్నీ అనే మసక నక్షత్రానికి నమ్మదగిన పారలాక్స్ ప్రకటించేదాకా తారల దూరం ఎవరికీ సరిగ్గా తెలియలేదు.

ఇంటి కెమెరాతో సిరియస్ పారలాక్స్ తీయడం మామూలుగా అయ్యే పని కాదు. ఇక్కడ డేటాబేస్‌ను ఆశ్రయించడమే తెలివి. హిప్పార్కస్ ఉపగ్రహం 1989 నుంచి 1993 వరకు పనిచేసి లక్షా పద్దెనిమిది వేల నక్షత్రాలను కొలిచింది. 2013 డిసెంబరులో ఎగిరిన గయా అనే ఉపగ్రహం, 2022లో విడుదలైన జాబితాలో దాదాపు 146 కోట్ల నక్షత్రాలకు పారలాక్స్ ఇచ్చింది. గయాకు ఒక చిక్కు ఉంది. మసకవాటిని కొలవడానికి కట్టిన పరికరం కాబట్టి మరీ మెరిసే నక్షత్రాలు దాని కళ్లకు మిరుమిట్లు. కంటికి బాగా మెరిసేవాటికి హిప్పార్కస్ అంకెలే వాడండి.

అంకె దొరికాక లెక్క ఒక్క భాగహారమే. ఒకటిని పారలాక్స్‌తో భాగిస్తే దూరం పార్సెక్కుల్లో (నక్షత్రాల దూరాలకు వాడే కొలమానం) వస్తుంది. సిరియస్ పారలాక్స్ 0.379. కాబట్టి దూరం 2.64 పార్సెక్కులు. దాన్ని 3.26తో గుణిస్తే 8.6 కాంతి సంవత్సరాలు. గడి నిండింది.

పారలాక్స్ పక్కన ప్లస్ ఆర్ మైనస్ అని ఒక చిన్న అంకె ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. అది అసలు అంకెలో అయిదో వంతును మించితే ఈ తేలిక భాగహారం పనికిరాదు. ఆర్ద్ర దగ్గర గొడవ మరో రకంగా వస్తుంది. ఆకాశంలో దాని గుండ్రటి బిళ్ల చేసే కోణం దాని పారలాక్స్ కంటే ఎన్నో రెట్లు పెద్దది, పైగా ఉపరితలం మీది మచ్చలు మారుతూ ఉంటాయి. వెలుగు నడిబొడ్డు ఎక్కడుందో తేల్చడమే కష్టం. అందుకే దాని దూరం ఒక్కో పరిశోధనలో ఒక్కోలా, సుమారు 500 నుంచి 700 కాంతి సంవత్సరాల మధ్య కనిపిస్తుంది. కార్డులో ఆ రెండు అంకెలూ రాయండి. ఒక్కటే రాసి ధీమాగా ఉండొద్దు.

మూడో గడి: అసలు వెలుగు

నక్షత్రాలన్నిటినీ తెచ్చి 10 పార్సెక్కుల దూరంలో వరుసగా నిలబెట్టామనుకోండి. అప్పుడు కనిపించే మాగ్నిట్యూడే అసలు మాగ్నిట్యూడ్. పుస్తకాల్లో నిరపేక్ష మాగ్నిట్యూడ్ అంటారు. దూరాన్ని పదితో భాగించి, లాగ్ తీసి, అయిదుతో గుణించి, దాన్ని కనిపించే మాగ్నిట్యూడ్ నుంచి తీసేయాలి.

సిరియస్‌కు చేద్దాం. 2.64ను 10తో భాగిస్తే 0.264. లాగ్ మైనస్ 0.578. అయిదుతో గుణిస్తే మైనస్ 2.89. మైనస్ 1.46 నుంచి మైనస్ 2.89 తీసేస్తే 1.43. (ఇక్కడ మైనస్‌లో మైనస్ ప్లస్ అవుతుందని మరిచిపోయి చాలామంది బోల్తా పడతారు. సిరియస్‌ను 10 పార్సెక్కులకు జరిపితే దూరం పెరుగుతుంది కాబట్టి మసకబారాలి, అంకె పెరగాలి. పెరిగిందో లేదో చూసుకుంటే చాలు.)

ఇదే లెక్కలో సూర్యుడి అంకె 4.83. తేడా 3.40. పదికి 0.4 × 3.40 ఘాతం వేస్తే 23. అంటే మన కంటికి కనిపించే రంగుల్లో సిరియస్ 23 మంది సూర్యుల పాటి. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని కూడా కలుపుకుంటే సుమారు 25.

ఇప్పుడు గొల్లకావడికి ఆర్ద్ర ఉన్న వైపు కాకుండా అవతలి వైపు చూడండి. నీలం-తెలుపుగా మెరిసేది రైజెల్. మాగ్నిట్యూడ్ 0.13, దూరం సుమారు 860 కాంతి సంవత్సరాలు. లెక్క మీరే వేయండి. కనిపించే కాంతిలోనే సూర్యుడికి యాభై వేల రెట్ల చుట్టుపక్కల వస్తుంది. కంటికి సిరియస్ ముందు చిన్నబోయే ఆ చుక్క, సిరియస్ ఉన్నచోట ఉండి ఉంటే రాత్రిళ్లు దాని వెలుగుకు నీడలు పడేవి.

నాలుగో గడి: వేడి

కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడి, తర్వాత పసుపు, తెలుపు అవుతుంది. నక్షత్రాల రంగు కూడా అదే కథ. ఎరుపు చల్లన, నీలం వేడి. ‘చల్లన’ అంటే ఇక్కడ మూడు వేల డిగ్రీలు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

రంగును అంకెలో పెట్టాలంటే ఒకే నక్షత్రాన్ని నీలం ఫిల్టర్‌లో ఒకసారి, పసుపు-ఆకుపచ్చ ఫిల్టర్‌లో ఒకసారి కొలిచి మొదటి మాగ్నిట్యూడ్ నుంచి రెండోది తీసేస్తారు. దీన్ని బీ మైనస్ వీ అంటారు. అభిజిత్తుకు అది సున్నా, సూర్యుడికి 0.65, స్వాతికి 1.23, ఆర్ద్రకు 1.85. అంకె పెరిగేకొద్దీ ఎరుపు.

దీన్నుంచి వేడి తీయడానికి నోట్స్‌లో ఇలా రాసుకోండి. బీ మైనస్ వీ విలువను 0.92తో గుణించండి. దానికి 1.7 కలిపి ఒకటిని దానితో భాగించండి. మళ్లీ ఆ గుణించినదానికే 0.62 కలిపి ఒకటిని దానితో భాగించండి. రెండూ కూడి 4,600తో గుణిస్తే కెల్విన్లలో ఉపరితలపు వేడి. సూర్యుడికి 5,778 వస్తుంది. అసలు విలువ 5,772. సిరియస్ రంగు అంకె దాదాపు సున్నా కాబట్టి 10,125 వస్తుంది. వర్ణపటం చెప్పే విలువ సుమారు 9,900. పర్వాలేదు. ఆర్ద్రకు 3,330 వస్తుంది, నిజంగా అది 3,600 దగ్గర. మరీ ఎర్రటివాటి దగ్గర ఈ సూత్రం జారుతుందని దీనితో తెలిసిపోతుంది.

రంగు మోసం చేసే చోట్లు రెండు. ఒకటి మన గాలి: దిగంతం దగ్గర అన్నీ ఎర్రబడతాయి. రెండోది నక్షత్రాల మధ్య పరుచుకున్న ధూళి. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నక్షత్ర గుచ్ఛాలను కొలిచి ఈ ధూళి నిజంగానే వెలుగును తింటోందని నిరూపించాడు. నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా తింటుంది కాబట్టి దూరపు వేడి నక్షత్రం చల్లటిదానిలా వేషం వేస్తుంది. సిరియస్ ఇంత దగ్గర ఉంది కాబట్టి ఈ బెడద లేదు.

అన్నట్టు, ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఫొటోలో నక్షత్రాలన్నీ తెల్లగా వస్తాయి. నా మొదటి పాతిక ఫొటోల్లో రోహిణి, సిరియస్ కవల పిల్లల్లా ఉన్నాయి. నిండిపోయిన పిక్సెల్‌కు రంగు ఉండదు.

అయిదో గడి: రకం

ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం, అసలు సరదా అంతా ఇక్కడే ఉంది.

మిల్లీమీటరుకు 100 గీతలున్న చిన్న గ్రేటింగ్ (వెలుగును రంగులుగా విడదీసే సన్న గీతల పలక) ఒకటి కెమెరా లెన్సు ముందు బిగించి సిరియస్ వైపు తిప్పండి. ఫొటోలో నక్షత్రం ఒక చుక్కగా పడి, దాని పక్కన ఇంద్రధనుస్సు ముక్కలా ఒక చార పడుతుంది. అదే వర్ణపటం. చారను జూమ్ చేసి చూస్తే అక్కడక్కడా నల్లటి కోతలు కనిపిస్తాయి. ఆ కోతలు నక్షత్రపు పై పొరలోని అణువులు మింగేసిన రంగులు.

కోతలకు పేరు పెట్టాలంటే ముందు స్కేలు కావాలి. ఒక ఉదాహరణ. చుక్క 420వ పిక్సెల్ దగ్గర పడింది, నీలం-ఆకుపచ్చ కలిసేచోట ఉన్న లోతైన కోత 1,392వ పిక్సెల్ దగ్గర ఉంది అనుకోండి. సిరియస్ లాంటి నక్షత్రంలో ఆ చోట ఉండేది హైడ్రోజన్ గీత, 486.1 నానోమీటర్లు. మధ్య దూరం 972 పిక్సెళ్లు. 486.1ను 972తో భాగిస్తే పిక్సెల్‌కు అర నానోమీటరు. స్కేలు దొరికింది. ఇప్పుడు 1,288వ పిక్సెల్ దగ్గరున్న కోత సంగతి చూడండి. 868 పిక్సెళ్లు, అంటే 434 నానోమీటర్లు. ఇది కూడా హైడ్రోజన్‌దే, తర్వాతి గీత. ఎరుపు వైపు 656.3 దగ్గర మూడోది ఉండాలి, వెతకండి. 687, 760 దగ్గర కనిపించే గట్టి కోతల్ని మాత్రం నక్షత్రం ఖాతాలో వేయకండి. అవి మన గాలిలోని ఆక్సిజన్ పని.

హైడ్రోజన్ గీతలు ఇంత లోతుగా ఉంటే అది ఏ రకం నక్షత్రం. ఇక్కడ ‘ఏ’ అంటే ఇంగ్లిష్ అక్షరం, ప్రశ్న కాదు! రకాలు ఏడు: ఓ, బీ, ఏ, ఎఫ్, జీ, కే, ఎం. బాగా వేడి నుంచి చల్లదనం వైపు వరుస. గుర్తుండటానికి నేను కట్టుకున్న వాక్యం ఇది: ‘ఓ బామ్మా, ఏదీ ఫోను? గదిలో కనపడదేం, మాయమైందా?’

ఈ అక్షరాలు ఇలా గజిబిజిగా ఎందుకున్నాయంటే, మొదట హార్వర్డ్ అబ్జర్వేటరీలో హైడ్రోజన్ గీతల బలాన్ని బట్టి అక్షర క్రమంలో పేర్లు పెట్టారు. తర్వాత ఆనీ జంప్ కానన్ కొన్ని అక్షరాలు తీసేసి, మిగిలినవాటిని కొత్త వరుసలో పెట్టి, ఒక్కో అక్షరాన్నీ సున్నా నుంచి తొమ్మిది దాకా విడదీసింది. గాజు పలకల మీద పడిన వర్ణపటాల్ని భూతద్దంతో చూస్తూ ఆమె జీవితకాలంలో మూడున్నర లక్షల నక్షత్రాలకు రకం రాసింది. 1918 నుంచి 1924 వరకు వచ్చిన హెన్రీ డ్రేపర్ జాబితాలో రెండు లక్షల పాతిక వేల నక్షత్రాలున్నాయి. ఇవాళ సింబాద్‌లో హెచ్‌డీ అని మొదలయ్యే నంబర్లు ఆ జాబితావే.

హైడ్రోజన్ గీతలు బలంగా ఉంటే హైడ్రోజన్ ఎక్కువ ఉన్నట్టు కాదు. ఇది అందరూ పడే గుంత. కనిపించే రంగుల్లో ఈ గీతలు పడాలంటే హైడ్రోజన్ ఎలక్ట్రాన్ రెండో మెట్టు (శక్తి స్థాయి) మీద ఉండాలి. చల్లటి నక్షత్రంలో ఎలక్ట్రాన్లు మొదటి మెట్టు వదిలి పైకి ఎక్కవు. మరీ వేడి నక్షత్రంలో ఎలక్ట్రాన్ అణువును వదిలి పారిపోతుంది. మధ్యలో, సుమారు పది వేల డిగ్రీల దగ్గర, రెండో మెట్టు మీద ఎక్కువమంది ఉంటారు. అందుకే ‘ఏ’ రకంలో గీతలు అంత నల్లగా పడతాయి. వేడికీ, ఎలక్ట్రాన్లు ఊడిపోవడానికీ ఉన్న ఈ సంబంధాన్ని 1920లో మేఘనాద్ సాహా సమీకరణంగా రాశాడు. ఆ సమీకరణంతోనే 1925లో సెసిలియా పేన్ తన థీసిస్‌లో నక్షత్రాలు ఎక్కువ భాగం హైడ్రోజన్, హీలియంలే అని తేల్చింది. అప్పటి పెద్దలు నమ్మలేదు. నాలుగేళ్ల తర్వాత, అప్పుడు కాదన్న హెన్రీ నోరిస్ రస్సెలే ఒప్పుకున్నాడు.

మిగతా రకాల్ని పోల్చుకోవడానికి గుర్తులు చెబుతాను. ఎలక్ట్రాన్ ఊడిన హీలియం గీతలు కనిపిస్తే ఓ రకం, 30 వేల డిగ్రీల పైమాట. మామూలు హీలియం కనిపిస్తే బీ. రైజెల్, చిత్త ఈ కోవలోవి. ఏ రకం నుంచి ఎఫ్‌కు దిగేకొద్దీ హైడ్రోజన్ సన్నబడి, ఊదా రంగు అంచున 393, 397 దగ్గర కాల్షియం కోతలు లోతవుతాయి. జీకి వచ్చేసరికి అవే పెద్దవి. సూర్యుడు జీ2. కేలో ఇనుము లాంటి లోహాల సన్న గీతలు కిక్కిరిసి ఉంటాయి. స్వాతి, రోహిణి ఇక్కడివి. ఎం రకంలో గీతలు కాదు, వెడల్పాటి పట్టీలే కోసుకుపోయి ఉంటాయి. అవి టైటానియం ఆక్సైడ్‌వి. మొదటిసారి ఆర్ద్ర వర్ణపటం తీసినప్పుడు ఫొటో పాడైందనుకుంటారు. పాడవలేదు, దాని రూపే అంత.

సిరియస్ కార్డులో ఏ1 అని రాయండి.

ఆరో గడి: శ్రేణి

ప్రాక్సిమా సెంటారీ ఎం రకం. ఆర్ద్ర కూడా ఎం రకమే. ఒకటి సూర్యుడి కంటే ఎంతో చిన్నది, ఇంకొకటి అంగారకుడి కక్ష్యను మింగేసేంత పెద్దది. కాబట్టి అక్షరం ఒక్కటీ చాలదు.

తేడా గీతల వెడల్పులో ఉంటుంది. చిన్న నక్షత్రం ఉపరితలం దగ్గర గురుత్వం ఎక్కువ, వాయువు ఒత్తుగా ఉంటుంది, అణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ గీతను వెడల్పు చేస్తాయి. ఉబ్బిపోయిన నక్షత్రంలో వాయువు పలచన, గీతలు సన్నగా, పదునుగా ఉంటాయి. హార్వర్డ్‌లోనే పనిచేసిన ఆంటోనియా మౌరీ ఈ సన్న గీతల్ని ముందే గమనించి వేరే గుర్తు పెట్టింది. 1943లో మోర్గన్, కీనన్, కెల్మన్ దీన్ని రోమన్ అంకెల శ్రేణులుగా స్థిరపరిచారు. ఒకటి మహాతారలకు, మూడు రాక్షస తారలకు, అయిదు సూర్యుడి లాంటి మామూలు తారలకు. ఆర్ద్ర ఒకటో శ్రేణి, స్వాతి మూడు, సిరియస్ అయిదు.

గ్రాఫ్ కాగితం మీద అడ్డంగా వేడి (ఎడమ వైపు ఎక్కువ, కుడి వైపు తక్కువ), నిలువుగా అసలు వెలుగు వేసి మీ నక్షత్రాల్ని చుక్కలుగా పెట్టుకుంటూ పోండి. 1911లో హెర్ట్స్‌స్ప్రంగ్, 1913లో రస్సెల్ గీసిన పటం ఇదే. ఎడమ పై నుంచి కుడి కిందికి ఒక పట్టీ మీద చాలా చుక్కలు పడతాయి. సిరియస్, సూర్యుడు ఆ పట్టీ మీదే ఉంటాయి. ఆర్ద్ర కుడి పై మూలన ఒంటరిగా ఉంటుంది.

ఏడో గడి: లావు

వేడి తెలిస్తే ఒక్కో చదరపు మీటరు ఎంత వెలుగు చిమ్ముతుందో తెలుస్తుంది. అది వేడికి నాలుగో ఘాతం. మొత్తం వెలుగు తెలుసు కాబట్టి ఎన్ని చదరపు మీటర్లున్నాయో లెక్క తేలుతుంది.

సిరియస్ వేడి 9,900ను సూర్యుడి 5,772తో భాగిస్తే 1.715. నాలుగో ఘాతం 8.65. మొత్తం వెలుగు 25ను దానితో భాగిస్తే 2.89. వర్గమూలం 1.7. సూర్యుడి వ్యాసార్థానికి 1.7 రెట్లు. అంతే, టెలిస్కోప్‌లో కూడా చుక్కలాగే కనిపించే వస్తువు సైజు కాగితం మీద తేలిపోయింది.

ఈ లెక్క వట్టి మాట కాదని నిరూపించినవాళ్లున్నారు. 1920లో మైకల్సన్, పీస్ కలిసి అమెరికాలోని మౌంట్ విల్సన్‌లో ఉన్న 100 అంగుళాల టెలిస్కోప్ మీద ఇంటర్‌ఫెరోమీటర్ (వెలుగు తరంగాల్ని కలిపి సూక్ష్మమైన కోణాలు కొలిచే పరికరం) బిగించి ఆర్ద్ర బిళ్లను నేరుగా కొలిచారు. 0.047 ఆర్క్ సెకన్లు వచ్చింది. అయినా దాని దూరం తేలలేదు కాబట్టి కిలోమీటర్లలో లావు ఇప్పటికీ తేలలేదు. రెండో గడిలోని తప్పు ఏడో గడిదాకా వచ్చింది చూశారా?

ఎనిమిదో గడి: బరువు

ఒంటరి నక్షత్రాన్ని తూచడానికి త్రాసు లేదు. జంట ఉంటేనే నేరుగా తూకం కుదురుతుంది. సిరియస్ అదృష్టం, దానికి జంట ఉంది. 1844లో బెస్సెల్ సిరియస్ దారి వంకరటింకరగా ఉందని చూసి కనపడని తోడు ఏదో లాగుతోందన్నాడు. 1862లో ఆల్వన్ గ్రాహమ్ క్లార్క్ కొత్త లెన్సును పరీక్షిస్తూ ఆ తోడును చూశాడు.

రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి 50.1 ఏళ్లు పడుతుంది. కక్ష్యలో సగటు దూరం 7.5 ఆర్క్ సెకన్లు. దాన్ని 2.64 పార్సెక్కులతో గుణిస్తే 19.8, ఇది భూమి-సూర్యుల దూరానికి రెట్లు. దూరాన్ని మూడుసార్లు గుణించి (7,762), ఏళ్లను రెండుసార్లు గుణించి (2,510), మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 3.09. ఇద్దరి మొత్తం బరువు మూడు సూర్యులు. ఉమ్మడి కేంద్రం నుంచి ఎవరు ఎంత దూరంలో తిరుగుతున్నారో చూసి పంచితే పెద్దదానికి 2.06, చిన్నదానికి 1.02 వస్తుంది.

జంట లేనివాటికి ఒక అడ్డదారి ఉంది. పట్టీ మీది తారల్లో వెలుగు సుమారుగా బరువుకు మూడున్నరో ఘాతం. సిరియస్ వెలుగు 25 నుంచి వెనక్కి లెక్కిస్తే 2.5 వస్తుంది, త్రాసు చెప్పింది 2.06. కాబట్టి అడ్డదారి అంకె పక్కన ‘లెక్కగట్టాను, ఉజ్జాయింపు’ అని రాయడం మరవకండి. ఆర్ద్రకు ఈ అడ్డదారి అసలు పనికిరాదు, అది పట్టీ మీద లేదు.

కొన్ని జంటలు టెలిస్కోప్‌కు కూడా విడిగా కనపడవు. అప్పుడు గీతల కదలికే సాక్ష్యం. నక్షత్రం మన వైపు వస్తే గీతలు నీలం వైపు, దూరం పోతే ఎరుపు వైపు జరుగుతాయి. 656.3 గీత 0.1 నానోమీటరు జరిగితే వేగం సెకనుకు 46 కిలోమీటర్లు. వశిష్ఠ నక్షత్రం గీతలు కొన్ని రోజులకోసారి రెండుగా చీలి మళ్లీ కలవడం చూసి అది ఒకటి కాదు, జంట అని 1889లో పికరింగ్ ప్రకటించాడు. ఇంటి గ్రేటింగ్‌కు ఇంత సూక్ష్మం అందదు. అందినా భూమి తన కక్ష్యలో సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్న సంగతి ముందు తీసేయాలి.

కార్డు పూర్తయింది కాబట్టి సిరియస్ తోడుకు కూడా ఒకటి రాయండి, పావుగంట పని. వేడి సుమారు 25,000. మొత్తం వెలుగు సూర్యుడిలో నలభయ్యో వంతు. ఏడో గడి లెక్క వేస్తే వ్యాసార్థం సూర్యుడిలో 0.0084 వస్తుంది. సూర్యుడు భూమికి 109 రెట్లు కాబట్టి ఇది భూమి కంటే కాస్త చిన్నది. బరువేమో ఒక సూర్యుడు. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నేను దశాంశ బిందువు ఎక్కడో జారిందని మూడుసార్లు సరిచూసుకున్నాను. జారలేదు. దాన్ని తెల్ల మరుగుజ్జు అంటారు. రకం గడిలో డీఏ2 అని రాయాలి (డీ తెల్ల మరుగుజ్జుకు, ఏ హైడ్రోజన్ గీతలకు, 2 వేడికి గుర్తు). గ్రాఫ్ మీద చుక్క ఎడమ వైపు అడుగున, పట్టీకి దూరంగా పడుతుంది.

తర్వాతి కార్డుకు అభిజిత్తును తీసుకోండి. మాగ్నిట్యూడ్ 0.03, పారలాక్స్ 0.130, రకం ఏ0, శ్రేణి 5. అన్నీ సాఫీగా వస్తాయి, వేడి గడి దగ్గర మాత్రం ఒక్క అంకె రాసి ఊరుకోకండి. అది గిర్రున తిరుగుతూ ధ్రువం మన వైపు పెట్టి ఉంది. నడుము ఉబ్బి, అక్కడి ఉపరితలం ధ్రువం కంటే వెయ్యి డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుంది. ఆ గడిని ముందే కాస్త వెడల్పుగా గీసుకోండి.